పాఠకుల ప్రశ్నలు: బ్యాక్టీరియాతో యాంటీబాడీ ముక్కలు

పోయిన నెల ఇన్సులిన్ గురించి రాస్తూ చివర్లో ఒక వాక్యం చేర్చాను. ఇన్సులిన్ తయారుచేసే బ్యాక్టీరియాతోనే ఇప్పుడు యాంటీబాడీ (రోగాల నుంచి శరీరాన్ని కాచే ప్రొటీన్) ముక్కలు కూడా తయారుచేయిస్తున్నారని. ఆ ఒక్క మాట మీదే చాలా ఉత్తరాలు వచ్చాయి. బ్యాక్టీరియాను పెంచే ట్యాంకుల, అంటే ఫర్మెంటర్ల పక్కన 26 ఏళ్ళు పనిచేశాను. అందులో తొమ్మిదేళ్ళు ఈ ముక్కలతోనే గడిచాయి, ఎక్కువ భాగం విశాఖలోనే. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను. రాసినవాళ్ళ పేర్లు వేయడం లేదు, ఊరు మాత్రమే వేస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మకు 71 ఏళ్ళు. కంటి రెటీనాలో నీరు చేరిందని నెలకో ఇంజెక్షన్ చేస్తున్నారు. పెట్టె మీద రానిబిజుమాబ్ అని ఉంది. మా బావగారు ఫోన్లో ఏదో చదివి, ఇది మలంలో ఉండే క్రిమి నుంచి తీసిన మందు అని అమ్మ ముందే అనేశారు. అప్పటి నుంచి అమ్మ ఆసుపత్రికి రానంటోంది. నిజమేనా అండీ? – గాజువాక

మీ బావగారు చదివింది సగమే. ఆ క్రిమి ఈ. కోలి. 1885లో ఎషెరిష్ అనే పిల్లల డాక్టరు పసిబిడ్డల మలంలో దాన్ని మొదట గుర్తించారు. అది మీ పేగుల్లో, నా పేగుల్లో, మీ బావగారి పేగుల్లో కూడా ఉంటుంది. మందుల కోసం పెంచేది దశాబ్దాలుగా ప్రయోగశాలల్లోనే పెరిగిన రకం. మనిషి పేగులో నిలదొక్కుకునే శక్తి కూడా దానికి దాదాపు పోయింది. పైగా ఇంజెక్షన్‌లో ఆ క్రిమి ఉండదు. అది తయారుచేసిన ప్రొటీన్‌ను వేరుచేసి, ఒక్కో వడపోతలో శుభ్రంచేసి సీసాలో నింపుతారు. 1982లో అనుమతి పొందిన ఇన్సులిన్ కూడా ఈ దారిలో వచ్చిందే. మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే ఆ మాట అమ్మకు గుర్తుచేయండి.

ఇక ఆ ప్రొటీన్ ఏమిటో చెబుతాను. యాంటీబాడీ ఆకారం చూడటానికి పంగలకర్రలా ఉంటుంది. పైన రెండు కొమ్మలు శత్రువును పట్టుకుంటాయి. కింద పిడి రక్షణ కణాలను పిలుస్తుంది. కంట్లో పిడితో పనిలేదు. రెటీనాలో కొత్త రక్తనాళాలను పుట్టించే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని కదలకుండా ఆపితే చాలు. కాబట్టి ఒక్క కొమ్మనే తయారుచేశారు. దాన్నే ఫ్యాబ్ అంటారు. పూర్తి యాంటీబాడీ సుమారు 150 కిలోడాల్టన్ల బరువుంటే ఇది 48 మాత్రమే. పూర్తి యాంటీబాడీ పిడి మీద చక్కెర గొలుసు ఉండాలి, మామూలు ఈ. కోలికి అది అతికించడం రాదు. ఈ కొమ్మకు ఆ చక్కెర అవసరమే లేదు. అందుకే ఈ పని బ్యాక్టీరియాకు అప్పగించగలిగారు. ఈ మందుకు అమెరికాలో 2006లో అనుమతి వచ్చింది. 2015 నుంచి మన దేశంలోనే తయారైనది కూడా దొరుకుతోంది.

భయపడాల్సిన వస్తువు ఒకటుంది, దాని గురించీ చెప్పాలి. ఈ. కోలి పైపొరలో ఎండోటాక్సిన్ ఉంటుంది. అది కొంచెం ఎక్కువైనా జ్వరం, వాపు వస్తాయి. ప్రతి బ్యాచ్‌కూ దాన్ని కొలిచి, హద్దులోపల ఉంటేనే బయటికి పంపుతారు. ఆ పరీక్షకు చాలాకాలంగా వాడుతున్నది గుర్రపునాడా పీత నీలి రక్తం నుంచి తీసిన సారం. ఆ పీత చుట్టాలు మన పక్కనే ఒడిశా తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. పీతల అవసరం లేని పరీక్షలు కూడా ఇప్పుడు వచ్చాయి.

అమ్మను తీసుకెళ్ళండి. వాయిదా వేస్తే పోయిన చూపు మళ్ళీ రాకపోవచ్చు. ఇంజెక్షన్ తర్వాత కన్ను బాగా ఎర్రబడినా, నొప్పి పెరిగినా, చూపు మందగించినా తెల్లారేదాకా ఆగకుండా అదే రోజు డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: ఫర్మెంటేషన్ అంటే పులియబెట్టడమే కదా. రోజూ ఇడ్లీ పిండి పులియబెట్టే మాకు, కోట్ల రూపాయల ట్యాంకులు పెట్టుకున్న మీకు తేడా ఏమిటి? – ఎంవీపీ కాలనీ

మంచి ప్రశ్న అడిగారు. కొత్తగా చేరిన పిల్లలకు నేను ఇడ్లీ పిండితోనే మొదలుపెట్టేదాన్ని. మే నెలలో విశాఖలో ఆ పిండి నాలుగైదు గంటలకే పొంగిపోతుంది. డిసెంబరులో అరకులో మర్నాడు పొద్దెక్కినా కదలదు. సూక్ష్మజీవి వేడికి ఎంత లొంగి ఉంటుందో మీకు తెలిసినంత బాగా చాలామంది డిగ్రీవాళ్ళకు తెలియదు.

తేడా రెండు చోట్ల. మీ గిన్నెలో పప్పుతో, బియ్యంతో వచ్చిన రకరకాల బ్యాక్టీరియాలు కలిసి పనిచేస్తాయి. మా ట్యాంకులో ఒక్క రకమే ఉండాలి, ఇంకొకటి దూరిందంటే బ్యాచ్ పోయినట్టే. అందుకే ముందు ట్యాంకును ఆవిరితో 121 డిగ్రీల దగ్గర అరగంట ఉంచుతాం. రెండోది గాలి. మీరు మూత పెట్టి వదిలేస్తారు. మేము కింద నుంచి గాలి ఊదుతూ, లోపల తెడ్లు తిప్పుతూనే ఉండాలి. 37 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో గాలి నుంచి కరిగే ఆక్సిజన్ 7 మిల్లీగ్రాములు కూడా ఉండదు. బ్యాక్టీరియా చిక్కగా పెరిగాక దాన్ని కొన్ని సెకన్లలో తాగేస్తుంది. కరెంటు పోయి తెడ్డు ఆగిందంటే, జనరేటర్ అందుకునేలోపే లోపల ఊపిరాడదు.

ఈ. కోలి మంచి తిండి దొరికితే 20 నిమిషాలకోసారి రెండవుతుంది. ఒక్క కణం పది గంటల్లో 107 కోట్లు. అంత వేగం ఉంది కదా అని గ్లూకోజు మొత్తం ఒకేసారి పోస్తే, అరిగించుకోగలిగిన దానికంటే ఎక్కువ తిని మిగిలినదాన్ని అసిటిక్ ఆమ్లంగా వదులుతుంది. అంటే వెనిగరే. తన వెనిగర్‌లో తనే కుంగిపోతుంది. కాబట్టి పసిబిడ్డకు ఉగ్గు గిన్నెతో పట్టినట్టు తిండిని చుక్కచుక్కగా పంపుతాం. దీన్ని ఫెడ్ బ్యాచ్ అంటారు. పీహెచ్ పడిపోకుండా అమోనియా ద్రావణం వదులుతాం, అదే వాటికి నత్రజని కూడా. తగినంత చిక్కబడ్డాక వేడిని 37 నుంచి 30కో 25కో దించి, అప్పుడు మాత్రమే ముక్కను తయారుచేయమనే సంకేతం ఇస్తాం. పెరగడం ఒక ఘట్టం, తయారుచేయడం ఇంకో ఘట్టం. రెండూ ఒకేసారి కావాలని తొందరపడినవాళ్ళకు చివరికి రెండూ దక్కవు.

చల్లబరచడమే మన ఊళ్ళో పెద్ద కష్టం. కోట్ల కోట్ల కణాలు ఊపిరి తీస్తుంటే ట్యాంకు తనంతట తనే వేడెక్కుతుంది. ఒక మే నెలలో సరిగ్గా సంకేతం ఇచ్చిన గంటకు మా చిల్లర్ ఆగిపోయింది. ట్యాంకు 41 డిగ్రీలకు వెళ్ళింది. మంచు దిమ్మల కోసం రెండు ఆటోలు పంపాం, వచ్చేసరికి ఆలస్యమైంది. మర్నాడు మైక్రోస్కోపులో చూస్తే ప్రతి కణంలోనూ ఒక మెరిసే చుక్క కనిపించింది. ముక్కలన్నీ ముద్దకట్టాయి. ఆ ముద్ద సంగతి కిందనున్న ఎమ్మెస్సీ విద్యార్థిని ప్రశ్నలో చెబుతాను.

ప్రశ్న: ఒంటె రక్తంలో ఉండే యాంటీబాడీలు వేరుగా ఉంటాయని మా సైన్సు సారు చెప్పారు. ఎందుకు? – పదో తరగతి విద్యార్థి, భీమిలి

అవును నాన్నా. మన యాంటీబాడీలో ఒక్కో కొమ్మ రెండు గొలుసులు కలిస్తే తయారవుతుంది. ఒంటెల్లో, లామాల్లో మామూలు వాటితో పాటు ఒక్క గొలుసుతోనే పట్టుకోగల యాంటీబాడీలు కూడా ఉంటాయి. 1993లో బ్రస్సెల్స్ పరిశోధకులు దీన్ని ప్రకటించారు. ఆ కొసను మాత్రం కత్తిరిస్తే 15 కిలోడాల్టన్ల చిట్టి ముక్క వస్తుంది, దాన్ని నానోబాడీ అంటారు. ఒకే గొలుసు కాబట్టి జత కుదర్చాల్సిన పని లేదు. ఈ. కోలి దాన్ని హాయిగా తయారుచేస్తుంది. రక్తం అక్కడక్కడా గడ్డకట్టే ఒక అరుదైన జబ్బుకు కాప్లాసిజుమాబ్ అనే మందు అలాగే వచ్చింది, 2018లో యూరప్‌లో అనుమతి పొందింది. ఒంటెలకే ఎందుకు ఇలా వచ్చిందన్న ప్రశ్న నువ్వు పెద్దయ్యాక పట్టుకోదగ్గది, వదలకు.

ప్రశ్న: మేడమ్, నేను ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం. ప్రాజెక్టులో ఒక ఎస్‌సీఎఫ్‌వీ (యాంటీబాడీ కొమ్మ కొసను ఒకే గొలుసుగా కుట్టిన ముక్క) తయారుచేయాలి. పీఈటీ వెక్టర్ (జీన్‌ను కణంలోకి మోసే డీఎన్ఏ), బీఎల్21 డీఈ3 అనే ఈ. కోలి కణాలు. 37 డిగ్రీలు, ఐపీటీజీ (తయారీ మొదలుపెట్టమనే సంకేతపు రసాయనం) 1 మిల్లీమోలార్, నాలుగు గంటలు. జెల్‌లో బ్యాండు చాలా లావుగా వచ్చింది. కానీ కణాలు పగలగొట్టి తిప్పితే మొత్తం పెల్లెట్‌లోనే (అడుగున దిగినదాంట్లోనే) ఉంది, పైనీళ్ళలో ఏమీ లేదు. గైడ్‌కు చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది. ఐదు వారాలే మిగిలాయి. – మద్దిలపాలెం

అమ్మా, ముందు ఈ రోజే వెళ్ళి గైడ్‌కు చెప్పు. ఇది నీ చేతి తప్పు కాదు. యాంటీబాడీ ముక్కలతో పని మొదలుపెట్టిన ప్రతివాళ్ళకూ మొదటి జెల్ ఇలాగే వస్తుంది. నాకూ వచ్చింది.

ఏం జరిగిందో చూడు. నీ ముక్కలో రెండు డొమైన్లున్నాయి. ఒక్కోదాని కడుపులో ఒక డైసల్ఫైడ్ బంధం ఉంటుంది. జాకెట్టుకు హుక్కులాంటిది అనుకో. ఈ. కోలి సైటోప్లాజంలో, అంటే కణం లోపలి ద్రవంలో ఆ హుక్కులు పడవు. పడినా విప్పేసే ఎంజైములు అక్కడ ఉన్నాయి. నువ్వేమో 37 డిగ్రీల్లో, బలమైన ప్రమోటరుతో, గట్టి మోతాదు ఐపీటీజీతో గొలుసుల్ని కుప్పలుగా పోయించావు. హుక్కు పడని గొలుసులు ఒకదానికొకటి అతుక్కుని నీళ్ళెక్కువైన అన్నంలా ముద్దయ్యాయి. అవే ఇంక్లూజన్ బాడీలు.

హుక్కులు పడే చోటు వేరే ఉంది. ఈ. కోలికి రెండు పొరలు, ఆ రెంటి మధ్య సందు పెరిప్లాజం. అక్కడ డీఎస్‌బీఏ అనే ఎంజైము హుక్కు పెడుతుంది, డీఎస్‌బీసీ తప్పు హుక్కుల్ని సరిదిద్దుతుంది. 1988లో 'సైన్స్' పత్రిక ఒకే సంచికలో రెండు బృందాలు పక్కపక్కనే చూపించింది ఇదే. జర్మనీలో స్కెర్రా, ప్లుక్‌థున్ ఒకవైపు, అమెరికాలో బెటర్ బృందం ఇంకోవైపు. గొలుసు ముందు ఒక చిన్న సిగ్నల్ తగిలిస్తే ఈ. కోలి దాన్ని ఆ సందులోకి నెడుతుంది, అక్కడ అది సరిగ్గా మడతపడుతుంది. ఈ రంగమంతా ఆ రెండు వ్యాసాల నుంచి నడిచివచ్చింది.

కాబట్టి మొదట నీ వెక్టర్ పటం తీసి చూడు. పీఈటీ 22బీ అయితే పెల్‌బీ అనే సిగ్నల్ అందులోనే ఉంటుంది. కానీ నువ్వు జీన్‌ను ఎన్‌డీఈ1 సైటులో (ఆ ఎంజైము కోసే చోట) పెట్టి ఉంటే ఆ సిగ్నల్ ఎగిరిపోయినట్టే. ఎన్‌సీఓ1 నుంచి పెట్టుకోవాలి. ఈ ఒక్క పొరపాటుతో నెలలు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను. పీఈటీ 28 అయితే సిగ్నల్ అసలు లేదు. రీడింగ్ ఫ్రేమ్ కూడా సీక్వెన్స్‌లో ఒకసారి సరిచూసుకో.

సిగ్నల్ ఉందని తేలాక వేగం తగ్గించు. ఓడీ (కల్చర్ ఎంత చిక్కబడిందో చెప్పే కొలత) 0.6 నుంచి 0.8 మధ్యకు వచ్చాక ఫ్లాస్కును చల్లబరిచి, 25 డిగ్రీలకు దిగాక ఐపీటీజీ 0.1 మిల్లీమోలార్ మాత్రమే వెయ్యి. ఇంకో ఫ్లాస్కుకు 0.02 వెయ్యి. రాత్రంతా ఉంచు. పొరలోని దారి సన్నది, గొలుసులు ఒక్కసారిగా మీదపడితే ఆ దారే మూసుకుపోతుంది. సన్నని బ్యాండు చూసి దిగులుపడకు. లావుగా వచ్చిన పనికిరాని బ్యాండు కంటే సన్నగా వచ్చి పట్టుకోగలిగేది మేలు.

ఇక్కడ మన ఊరికి సంబంధించిన మాట ఒకటి. మీ షేకర్‌కు కూలింగ్ ఉందా? చాలా కాలేజీల్లో ఉన్నవి వేడి చేసేవే, చల్లబరచలేవు. గది 33 డిగ్రీలుంటే డయల్ మీద 25 పెట్టినా ఫ్లాస్కు 33లోనే ఉంటుంది, మోటారు వేడికి ఇంకో డిగ్రీ కూడా ఎక్కుతుంది. ఒక ఫ్లాస్కులో నీళ్ళు పోసి, థర్మామీటరు పెట్టి, గంటసేపు తిప్పి చూడు. కూలింగ్ లేకపోతే ఉన్న డిపార్టుమెంటుకు వెళ్ళి రెండు రాత్రులు అడుగు. అడిగితే ఇస్తారు.

ఆంపిసిలిన్ వాడుతున్నావా? నిరోధక కణాలు వదిలే ఎంజైము రాత్రంతా ఉండే కల్చర్‌లో ఆ మందును తినేస్తుంది. ఆ తర్వాత ప్లాస్మిడ్ (నీ వెక్టరే) వదిలేసిన కణాలే పెరుగుతాయి. కార్బెనిసిలిన్ కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. పాత ప్లేటు వాడకు, తాజాగా ట్రాన్స్‌ఫార్మ్ చేసిన కాలనీతో మొదలుపెట్టు.

పెరిప్లాజం సారం తీయడానికి కణాలు పగలగొట్టనక్కర్లేదు. 20 శాతం చక్కెర, ట్రిస్ పీహెచ్ 8, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉన్న ద్రావణంలో కణాల్ని కలిపి కాసేపు ఉంచి తిప్పు. పైనీళ్ళు దాచు. పెల్లెట్‌ను మంచుచల్లని 5 మిల్లీమోలార్ మెగ్నీషియం సల్ఫేటులో ఒక్కసారిగా కలుపు. పైపొర వదులై లోపలిది బయటికి వస్తుంది. అదీ దాచు. కల్చర్ మీడియం కూడా పారబోయకు. రాత్రంతా ఉంచితే పైపొర కారి, సగం సరుకు మీడియంలోకే వచ్చి ఉండవచ్చు. ఇన్నాళ్ళూ దాన్ని సింకులో పోసి ఉంటావు. జెల్ మీద అన్నీ వరుసగా వెయ్యి: మీడియం, చక్కెర నీళ్ళు, మెగ్నీషియం నీళ్ళు, మిగిలిన కణాలు. వస్తువు ఎక్కడుందో అప్పుడు కళ్ళకు కనిపిస్తుంది.

అప్పటికీ ముద్దే అయితే ఇంకా దార్లున్నాయి. సైటోప్లాజంలోనే హుక్కులు పడేలా మార్చిన షఫుల్ లాంటి కణాలు దొరుకుతాయి. లేదంటే ముద్దనే కడిగి, 8 మోలార్ యూరియాలో డీటీటీతో కరిగించి, ఆర్జినైన్, గ్లూటాథయోన్ రెండు రూపాలూ ఉన్న చల్లని ద్రావణంలోకి బొట్టుబొట్టుగా వదులు, ఒకటి రెండు రోజులు కదపకుండా ఉంచు. తిరిగి మడతపడేది కొంత భాగమే. కానీ నీ ముద్ద అంత లావుగా ఉంది కాబట్టి ప్రాజెక్టుకు ఆ కొంత సరిపోతుంది. ఏ దారైనా చివర ఎలైసా అనే పరీక్ష చేసి అది యాంటిజెన్‌ను పట్టుకుంటోందని చూపించు. పట్టుకోని ముక్క ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు.

ఇంకొకటి. నీ గ్లిసరాల్ స్టాకు (గడ్డకట్టించి దాచిన కణాలు), ప్లాస్మిడ్ రెండు చోట్ల దాచు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా దగ్గర మైనస్ 80 ఫ్రీజరు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉంది. డీజిల్ దొరకలేదు. చెట్లు కూలి రోడ్లు మూసుకుపోయి డ్రై ఐస్ రాలేదు. ఆ ఫ్రీజరులో ఉన్నవన్నీ పోయాయి. రెండేళ్ళ ముందు ఒక పెట్టెను హైదరాబాద్‌కు పంపి ఉంచాం కాబట్టి మా కణాలు బతికాయి.

ప్రశ్న: మా స్కూలు చుట్టుపక్కల ఏటా పాముకాట్లు ఎక్కువ. ఆ మందు గుర్రం రక్తం నుంచి వస్తుందని, కొందరికి పడదని అంటారు. మీరు చెప్పే బ్యాక్టీరియాతో దాన్ని తయారుచేయలేరా? – ఉపాధ్యాయుడు, పాడేరు

మాస్టారూ, మన ఆసుపత్రుల్లో ఇస్తున్నది కూడా యాంటీబాడీ ముక్కలే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర, ఈ నాలుగింటి విషాన్ని కొద్దికొద్దిగా గుర్రానికి ఎక్కించి, దాని రక్తంలో తయారైన యాంటీబాడీలను పెప్సిన్ అనే జీర్ణరసంతో కోస్తారు. పిడి పోయి రెండు కొమ్మలు కలిసి ఉన్న ముక్క మిగులుతుంది. ఇలా కోయడంలో మొదటి పేరు రాడ్నీ పోర్టర్‌ది. 1959లో ఆయన వాడింది పపైన్, అంటే బొప్పాయి పాలలో ఉండేది. మాంసం తొందరగా ఉడకాలని మనవాళ్ళు పచ్చి బొప్పాయి ముక్క వేస్తారే, అదే రసం. యాంటీబాడీ మూడు ముక్కలైంది, దాని ఆకారం తెలియడానికి దారి పడింది. 1972లో ఎడెల్మన్‌తో కలిసి ఆయనకు నోబెల్ వచ్చింది.

బ్యాక్టీరియాతో ఎందుకు కాలేదంటే, పాము విషం ఒక్క వస్తువు కాదు. పదుల రకాల ప్రొటీన్ల కలగలుపు. గుర్రం వాటన్నిటికీ ఒకేసారి యాంటీబాడీలు చేస్తుంది. ఈ. కోలితో అయితే ఒక్కో విషానికి ఒక్కో ముక్కను వెతికి, ఒక్కోదాన్ని వేరుగా పెంచి, కలపాలి. పైగా చిన్న ముక్కలను మూత్రపిండాలు కొన్ని గంటల్లోనే వడకట్టేస్తాయి, కాటు పడ్డచోటి నుంచి విషం మాత్రం ఆ తర్వాత కూడా దిగుతూనే ఉంటుంది. నానోబాడీలను కలిపి ఈ దారిలో గట్టిగా ప్రయత్నిస్తున్నారు. గుర్రం అవసరం తీరే రోజు రావాలని నేనూ కోరుకుంటున్నాను.

అది వచ్చేదాకా మీ పిల్లలకు నేర్పాల్సింది ఇది. కాటు దగ్గర కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. కాలో చెయ్యో కదలకుండా కర్రకు ఆనించి, నడిపించకుండా, మంత్రం కోసం ఆగకుండా ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. మందు పడకపోతే డాక్టరు దగ్గర దానికి విరుగుడు ఇంజెక్షన్ సిద్ధంగా ఉంటుంది. ఆ భయంతో మందు మానడం ప్రమాదం.

ప్రశ్న: బీఎస్సీ మైక్రోబయాలజీ పూర్తిచేశాను. ఫర్మెంటేషన్ విభాగానికి అప్లై చేస్తే నైట్ షిఫ్టులుంటాయని ఇంట్లో వద్దంటున్నారు. ఆడవాళ్ళు చేయగలిగే పనేనా అమ్మా? – నర్సీపట్నం

చేయగలిగే పనే తల్లీ, నేను చేశాను. ట్యాంకు రాత్రీ పగలూ ఎరగదు కాబట్టి రాత్రి డ్యూటీ తప్పదు. చేరేముందు మూడు సంగతులు నేరుగా అడుగు: రాత్రి వాహనం ఇంటి గుమ్మం దాకా వస్తుందా, షిఫ్టులో ఇంకో ఆడమనిషి ఉంటుందా, ఆవిరి పైపుల పని నేర్పేది ఎవరు. సరైన జవాబు లేని చోట చేరవద్దు. మీ నాన్నగారిని ఒకసారి ప్లాంటు గేటు దాకా తీసుకెళ్ళు. చూస్తే ఆయన భయం కొంత తగ్గుతుంది.

ప్రశ్న: పరవాడ దగ్గర ఒక ప్లాంటులో ఫర్మెంటేషన్ ఆపరేటర్‌ని. సీ షిఫ్టు, రాత్రి 10 నుంచి. 500 లీటర్ల ఈ. కోలి బ్యాచ్. ఒకటిన్నరకు నా మొదటి శాంపిల్ తీశాను, ఓడీ 62. 2 గంటల 10 నిమిషాలకు డీవో (కరిగిన ఆక్సిజన్ శాతం) 30 నుంచి పెరగడం మొదలై 90 దాటింది. అమోనియా పంపు ఆగిపోయింది. నురగ పైకి తన్నింది, యాంటీఫోమ్ వేసినా ఆగలేదు. మూడుంబావుకు ఓడీ 18. శాంపిల్ వాల్వ్‌కు ఆవిరి సరిగ్గా పట్టలేదు, తప్పు నాదే అని రాసి డీవియేషన్ రిపోర్టు (ఏం తేడా జరిగిందో చెప్పే కాగితం) మీద సంతకం పెట్టమంటున్నారు. ఆవిరి పట్టాను మేడమ్. ఏం చేయాలి? – లంకెలపాలెం

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు రాసిన లక్షణాలన్నీ ఫేజ్‌వే. ఫేజ్ అంటే బ్యాక్టీరియాకు పట్టే వైరస్. కణంలో దూరి, పిల్లల్ని పెట్టి, కణాన్ని పగలగొట్టి వస్తుంది. కణాలు పగిలితే ఓడీ పడుతుంది. ఊపిరి తీసేవాళ్ళు లేరు కాబట్టి డీవో లేస్తుంది. ఆమ్లం పుట్టదు కాబట్టి అమోనియా అడగదు. లోపలి ప్రొటీన్లు, డీఎన్ఏ బయటపడి నురగ పొంగుతుంది. నాలుగూ ఒకేసారి జరిగాయంటే నాకు వేరే అనుమానం రాదు. అయినా రుజువు కావాలి, దాని సంగతి కింద చెబుతాను.

ముందు లెక్క చూద్దాం. 500 లీటర్లలో ఓడీ 62 అంటే కోటి కోట్ల కణాల కంటే కూడా ఎన్నో రెట్లు. ఒక్క కణం పగిలితే సుమారు వంద ఫేజ్‌లు వస్తాయి, ఒక్కో తరానికి రకాన్ని బట్టి పావుగంట నుంచి అరగంట పడుతుంది. ఒక్క ఫేజ్‌తో మొదలైతే అన్ని కణాలనూ చేరడానికి ఎనిమిది తరాలు కావాలి, అంటే రెండు నుంచి నాలుగు గంటలు. ఒకేసారి పది లక్షల ఫేజ్‌లు పడినా ఐదు తరాలు, గంటంబావు కంటే తక్కువ కాదు. మీ శాంపిల్ ఒకటిన్నరకు, డీవో లేచింది 2.10కి. మధ్య 40 నిమిషాలే. మీరు రాసిన టైములు సరైనవైతే, మీ వాల్వ్ నుంచి వచ్చింది ఇంత తొందరగా ఇంత పని చేయలేదు. అది అంతకు ముందే లోపల ఉంది.

ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం మీ క్వాలిటీవాళ్ళ పని, కానీ ఇవి అడగండి. సీడ్ ట్యాంకు (పెద్ద ట్యాంకులో వేసే కణాల్ని ముందు పెంచే చిన్న ట్యాంకు) నమూనా దాచారా? గాలి ఫిల్టరు తడిసిందా, కంప్రెసర్ నీళ్ళు వదిలారా? మన సముద్రపు తేమ గాలిలో అది తరచూ జరిగేదే. ముందు బ్యాచ్ బ్రాత్‌ను (కణాలున్న ద్రవాన్ని) చంపకుండానే డ్రెయిన్‌లో వదిలారా? టీ1 అనే ఫేజ్ ఎండిపోయినా చావదు, దుమ్ముతో లేచి తిరుగుతుంది. నేల మీద స్పిరిట్ తుడుపు ఒక్కటే దానికి చాలదు. రుజువుకు ప్లాక్ పరీక్ష చేయించండి. మామూలు కణాల్ని ప్లేటు మీద చాపలా పెంచి, వడకట్టిన బ్రాత్ చుక్క వేస్తే ఫేజ్ ఉన్నచోట అద్దంలా రంధ్రాలు పడతాయి. మర్నాటికల్లా తెలిసిపోతుంది. అది తేలేదాకా అదే ట్యాంకులో కొత్త బ్యాచ్ వేయకూడదు. బ్రాత్‌ను, ట్యాంకును, ఎగ్జాస్టు లైనును కూడా ఆవిరితో చంపాలి. టీ1, టీ5 ఫేజ్‌లు పట్టుకునేది కణం మీదున్న ఎఫ్‌హెచ్‌యూఏ అనే కొక్కేన్ని. అది తీసేసిన కణాలను చాలా కంపెనీలు అందుకే వాడతాయి, మీవాళ్ళు వాడుతున్నారేమో అడగండి.

ఒక సంగతి చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేసిన చోట ఇలాగే వరుసగా బ్యాచ్‌లు పోయాయి. రాత్రి డ్యూటీ కుర్రాడితో తన తప్పే అని రాయించారు. ఆ గదిలో నేనూ ఉన్నాను, నోరు విప్పలేదు. ఆరు వారాల తర్వాత ఫేజ్ దొరికింది, ఫర్మెంటర్ పక్కనే నేలలో ఉన్న డ్రెయిన్‌లో. అప్పటికే అతను ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. అతని దగ్గరికి వెళ్ళి ఆ మాట చెప్పడం ఇప్పటికీ నా వల్ల కాలేదు.

కాబట్టి వాళ్ళు రాసి ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టకండి. రిపోర్టు మీరే రాసి, మీరు రాసినదాని కిందే సంతకం పెట్టండి. కారణం రాయవద్దు, చూసింది రాయండి. 10.00 డ్యూటీ తీసుకున్నాను, అప్పటి ఓడీ ఇంత. 1.25 వాల్వ్‌కు ఆవిరి, ఇన్ని నిమిషాలు. 1.30 శాంపిల్. 2.10 డీవో పెరుగుదల. 2.20 నురగ, యాంటీఫోమ్ ఇన్ని మిల్లీలీటర్లు. 3.15 ఓడీ 18. కంట్రోలర్‌లోంచి డీవో, పీహెచ్, అమోనియా గ్రాఫులు మూడూ ప్రింటు తీసి జతచేయండి. చివరి వాక్యంగా ప్లాక్ పరీక్ష కోరుతున్నానని రాసి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.